ధనకుమారి రికార్డు

రేవుపాలెంలో పాలిటెక్నిక్ కాలేజీ గేటుకు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో తాతాజీ అని ఒకడు పనిచేసేవాడు, కాగితం మీద ఉన్నదాన్ని చదవకుండా దించెయ్యడమే తప్ప ఒక్క ముక్క కూడా సొంతంగా రాసే అలవాటు లేనివాడు.

బళ్ళో పక్కవాడి పలక చూసి దించాడు. ఇంటర్‌లో ముందువాడి పేపరు చూసి దించాడు. పెళ్ళి కుదిరాక సుభాషిణికి పంపిన మొదటి మెసేజీ కూడా స్నేహితుడు తన భార్యకు పంపుకున్నదే. "అక్షరాలన్నీ అవే కదా, ఎవరు రాస్తే ఏంటి?" అని నవ్వేవాడు. మెషిన్ పక్కన కూర్చుని కూర్చుని తనూ ఒక మెషిన్ అయిపోయాడని సుభాషిణి వేళాకోళం చేసేది.

ఆ ఏడు రోడ్డు వెడల్పు చేస్తామని జిరాక్సు షాపుకు ఎర్ర గుర్తు పెట్టి వెళ్ళారు. షాపు పోతే తాతాజీ పనీ పోతుంది. అప్పుడే సుభాషిణికి మూడో నెల. దేవుడు దయతలచాడో ఏమో, ఊరి చివర ధాన్యం మిల్లులో లారీలు తూచే కాటా దగ్గర కంప్యూటరు చూసుకునే మనిషి కావలసి వచ్చాడు. మిల్లు యజమాని తాతాజీతో, "ప్రోగ్రామింగ్ నేర్చుకున్న సర్టిఫికెట్ ఉండాలబ్బాయ్. మార్చి నెలాఖరుకి పట్టుకొస్తే కుర్చీ నీది. లేదంటే ఇంకో మనిషిని చూసుకుంటాను" అన్నాడు.

పాలిటెక్నిక్ ఆవరణలోనే కమ్యూనిటీ కాలేజీ ఉంది. పనులు చేసుకునేవాళ్ళ కోసం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా క్లాసులు. ఆరు నెలల్లో మూడు కంప్యూటరు భాషలు నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. తాతాజీ చేరాడు. టైలరింగ్ చేసే ఆడవాళ్ళు, మెడికల్ షాపు కుర్రాళ్ళు, మిలిటరీ నుంచి వచ్చేసిన ఒక పెద్దాయన కూడా అందులో ఉండేవారు. వాళ్ళు తప్పుల మీద తప్పులు చేసి, తిట్టుకుని, మళ్ళీ టైపు చేసేవారు. తాతాజీ మాత్రం ఫోను చూసుకుంటూ కూర్చునేవాడు.

మార్చి మధ్యలో పాఠాలు చెప్పే మంగతాయారు మేడం అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "రికార్డు లేనిదే పరీక్షకు రానివ్వను. ముప్పై ప్రోగ్రాములు. కుడివైపు గీతల పేజీలో ప్రోగ్రాము రాయాలి. దాన్ని నడిపితే కంప్యూటరు ఏం చూపించిందో ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్‌తో రాయాలి. ముందు నడపండి, తర్వాత రాయండి. సోమవారానికి నా టేబుల్ మీద ఉండాలి."

తాతాజీ ఒక్కటంటే ఒక్క ప్రోగ్రామూ నడపలేదు. అయినా దిగులు పడలేదు. షాపులో వెనక అటక మీద ఎవరూ తీసుకెళ్ళని కాగితాల కట్టలు ఉన్నాయని అతనికి తెలుసు. నిచ్చెనెక్కి వెతికాడు. గోధుమరంగు అట్ట వేసిన రికార్డు ఒకటి దొరికింది. పైన చీటీ మీద 'చింతా ధనకుమారి, రోల్ నంబరు 23' అని కుడివైపుకు వాలిన గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. ముప్పై ప్రోగ్రాములూ ఉన్నాయి. కొట్టివేత ఒక్కటీ లేదు. మూడేళ్ళ దుమ్ములో ఉన్నా కాగితం మాత్రం నిన్న కొన్నట్టు తెల్లగా ఉంది.

సీనియర్ల రికార్డు తెచ్చుకుని దించడం అక్కడి పిల్లలకు మామూలే. కాకపోతే ఎంత బద్ధకస్తుడైనా ఎడమ పేజీలో సీనియరు పేరు తీసేసి తన పేరు పెట్టుకునేవాడు. మన తాతాజీ చదవకుండా దించే రకం కాబట్టి ఆపాటి శ్రమ కూడా పడలేదు. మూడు మధ్యాహ్నాలు కౌంటరు మీద కూర్చుని, 'పేరు: ధనకుమారి, వయసు: 22, ఊరు: మల్లవరం' అని ప్రతి పేజీలో శుభ్రంగా దించేశాడు.

ఆఖరి పేజీ రాస్తుండగా సుభాషిణి అన్నం క్యారేజీ పట్టుకుని వచ్చింది. రికార్డు చూసి, "ఇది ఎవరు రాశారండీ?" అంది.

"నేనే. కనపడట్లేదా, పెన్ను నా చేతిలోనే ఉంది?"

"మీ అక్షరాలు నాకు తెలీవేంటండీ? మీవి ఎడమకి వాలతాయి. ఇవి చూడండి, ఆడపిల్ల రాతలా లేదూ?"

తాతాజీ మొదటిసారి తను రాసిన పేజీని చూశాడు. అక్షరాలన్నీ గుండ్రంగా, కుడివైపుకు వాలి ఉన్నాయి. చేతికి ఎందుకో చలేసింది. "తొందరలో అలా వచ్చిందిలే" అని రికార్డు మూసేశాడు.

సోమవారం మంగతాయారు మేడం రికార్డు తిరగేసింది. ఆవిడ ఆ ఏడాదే కొత్తగా వచ్చింది. ఎర్ర పెన్నుతో సంతకాలు చేస్తూ చేస్తూ ఆగి, "ఈ ధనకుమారి ఎవరయ్యా?" అని అడిగింది.

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. కానీ తాతాజీ నాలుక అతని కంటే చురుకైంది. "మా మరదలండీ. మా ఇంట్లోనే ఉంటుంది. ఆ పేరు పెట్టి నడిపాను" అన్నాడు.

"మీ ఇంట్లోనే ఉంటుందా?"

"ఆయ్. మా ఇంట్లోనేనండి."

మేడం సంతకం చేసేసింది. ఆ రోజు లాబ్‌లో తాతాజీ కూర్చోబోతే కుర్చీ వెచ్చగా ఉంది. అప్పటిదాకా అందులో ఎవరూ కూర్చోలేదు. పరీక్ష దగ్గర పడిందని రికార్డులోని మొదటి ప్రోగ్రామును చూస్తూ టైపు చేశాడు. పేరు ఇస్తే పలకరించే చిన్న ప్రోగ్రాము అది. నడిపాడు. పేరు అడిగింది. 'తాతాజీ' అని కొట్టాడు. తెర మీద 'నమస్కారం ధనకుమారి' అని వచ్చింది.

ప్రోగ్రామంతా వేలు పెట్టి వెతికాడు. అందులో ధనకుమారి అన్న మాటే లేదు. మళ్ళీ నడిపాడు. మళ్ళీ అదే. పక్క సీటులోని మిలిటరీ పెద్దాయనను పిలిచి చూపిస్తే, "నీ పేరే వచ్చిందిగా, ఎందుకలా చెమటలు పట్టాయి నీకు?" అన్నాడాయన. తాతాజీ కళ్ళకు మాత్రం ఆ పేరు తెర మీద అలాగే ఉంది.

ఇంటికి పోయేసరికి సుభాషిణి గుమ్మంలో నిలబడి ఉంది. "మీకో మరదలుందని నాకెప్పుడూ చెప్పలేదేంటండీ?" అంది.

తాతాజీ చెప్పులు విప్పబోయి ఆగాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"ఆ అమ్మాయే వచ్చింది. ధనకుమారి అంట, మీ మరదలినని చెప్పింది. 'నేను ఇక్కడే ఉంటానని మీ ఆయన చెప్పారండి, అందుకే వచ్చాను' అంది. పాపం బాగా నీరసంగా ఉంది. కూర్చోమని కాఫీ పెట్టుకొచ్చేసరికి లేదు. గేటు గడియ తీయనే లేదు, ఎటు వెళ్ళిందో మరి."

కుర్చీ ముందు కాఫీ గ్లాసు ఇంకా పొగలు కక్కుతూ ఉంది. తాతాజీ దాన్ని తీసి పెరట్లో పారబోశాడు. భార్యకు ఏమీ చెప్పలేదు. కడుపుతో ఉన్న మనిషి, భయపడుతుందని తనకు తాను సర్ది చెప్పుకున్నాడు. నిజానికి భయపడింది తనే.

మర్నాడు లాబ్ అటెండరు చిట్టిబాబును పక్కకు తీసుకెళ్ళి అడిగాడు. చిట్టిబాబు పదిహేనేళ్ళుగా ఆ లాబ్ తాళాలు చూసుకుంటున్నాడు.

"బాబాయ్, ధనకుమారి అని ఎవరైనా చదివారా ఇక్కడ?"

చిట్టిబాబు తాళాలగుత్తి జేబులో పెట్టుకున్నాడు. "నీకెవరు చెప్పారురా అబ్బాయ్ ఆ పిల్ల సంగతి? మల్లవరం నుంచి బస్సులో వచ్చేది. ఒక్క రోజు మానలేదు. ఒక ప్రోగ్రాము నడవకపోతే మూడేసి రోజులు దాని మీదే కూర్చునేది. నేను తాళం వేస్తానంటే 'ఇంకొక్కసారి బాబాయ్' అని బతిమాలేది. రికార్డు అంతా అయ్యాక, పోతే మళ్ళీ రాదని కాపీ తీయించడానికి మీ షాపులోనే ఇచ్చింది. పరీక్షకు రెండు రోజుల ముందు జొరం తగిలింది. పరీక్ష రోజునే పోయింది. పరీక్ష రాయలేదు కాబట్టి సర్టిఫికెట్ ఇవ్వలేదు. పాపం, ఆ కాగితం కోసం ఎంత తపించిపోయిందో."

తాతాజీకి అప్పుడే మేడం దగ్గరకు వెళ్ళి కాళ్ళ మీద పడాలనిపించింది. కానీ పరీక్ష రెండు రోజుల్లో ఉంది. నెలాఖరు పది రోజుల్లో ఉంది. 'ఈ ఒక్కసారికి గట్టెక్కితే చాలు' అనుకుని నోరు కుట్టేసుకున్నాడు.

పరీక్ష రోజున వేరే ఊరి నుంచి పరీక్షాధికారి ఒకాయన వచ్చాడు. చీటీ తీయమంటే తాతాజీకి ఇరవై ఏడో ప్రోగ్రాము వచ్చింది. అందులో ఒక్క అక్షరం కూడా గుర్తులేదు. కుర్చీలో కూర్చుని కీబోర్డు మీద చేతులు పెట్టాడు. అంతే, వేళ్ళు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. ఆపుదామన్నా ఆగలేదు. ప్రోగ్రాము పూర్తయింది. ఒక్క తప్పు లేకుండా నడిచింది.

పరీక్షాధికారి వెనక నిలబడి, "బావుంది. ఈ లూపు సరిగ్గా ఇక్కడే ఎలా ఆగింది?" అని అడిగాడు.

లూపంటే ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే వరస అని కూడా తాతాజీకి సరిగ్గా తెలీదు. 'తెలీదండీ' అందామని నోరు తెరిచాడు. "మొదట్లో ఆగేది కాదండీ" అంది అతని నోరు. "మూడు రోజులు దీనితోనే అవస్థ పడ్డాను. ఒకటి నుంచి లెక్కపెడుతున్నాను కదా, అదే తప్పు. సున్నా నుంచి మొదలుపెట్టాక ఆగింది. ఆ రోజు సంతోషంతో బస్సు కూడా తప్పిపోయిందండీ."

గొంతు తాతాజీదే. మాటలు మాత్రం అతనివి కావు. పరీక్షాధికారి ముచ్చటపడి నూటికి తొంభై రెండు వేశాడు. బయటికి వచ్చాక తాతాజీ కాలవ గట్టున కూర్చుని చేతులు మళ్ళీ మళ్ళీ కడుక్కున్నాడు. అయినా లోపల ఒక మూల ఆశ తలెత్తింది. ఎవరు రాస్తే ఏంటి, మార్కులు తన పేరునే పడ్డాయి కదా.

మార్చి ముప్పయ్యో తేదీన సర్టిఫికెట్లు ప్రింటయ్యాయి. మంగతాయారు మేడం పేర్లు పిలిచి ఒక్కొక్కటే ఇస్తూ వచ్చింది. తాతాజీ వంతు వచ్చేసరికి ఆగిపోయింది.

"ఇదేంటయ్యా? లిస్టులో నీ పేరే ఉంది. కాగితం మీద 'చింతా ధనకుమారి' అని పడింది. మీ మరదలి పేరు కదూ? ఉండు, ఇంకోటి తీస్తాను" అంది. ఈసారి ఆ పేరు ఆవిడ కళ్ళకూ కనబడింది.

ఇంకోటి తీసింది. ధనకుమారే. ఇంకో ప్రింటరులో తీసింది. ధనకుమారే. కంప్యూటరు తెర మీద తాతాజీ అని ఉంటుంది, కాగితం బయటికి వచ్చేసరికి ధనకుమారి అని ఉంటుంది.

"రేపే కదా నీకు మిల్లులో ఆఖరు? ఒక పని చేద్దాం. పేరు చోట ఖాళీ వదిలి తీస్తాను. నీ పేరు నువ్వే పెన్నుతో రాసుకో. ముద్ర వేసి సంతకం పెడతాను, చెల్లుతుంది" అంది మేడం పాపం.

తాతాజీ గబగబా పెన్ను తీసుకున్నాడు. 'తా' అని మొదలుపెట్టబోయాడు. చెయ్యి కదిలింది. ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. అయినా కదిలింది. గుండ్రటి అక్షరాలు, కుడివైపుకు వాలినవి, ఖాళీ చోటంతా నిండాయి. చింతా ధనకుమారి.

చెవి పక్కనే ఎవరో అలసటగా ఊపిరి తీసుకున్నట్టయింది. తాతాజీ పెన్ను పారేసి బావురుమన్నాడు.

"నాకు మరదలు లేదు మేడం. ఈవిడ మూడేళ్ళ క్రితం ఇక్కడే చదివి చనిపోయింది. ఆవిడ రికార్డు దించాను. నేను ఒక్క ప్రోగ్రామూ నడపలేదు. ఒక్కటి కూడా."

మేడం కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత లిస్టులో అతని మార్కులు కొట్టేసింది. "మళ్ళీ బ్యాచ్‌లో మొదటి నుంచి చేరు. ఉద్యోగం సంగతి నేనేం చెయ్యలేను" అంది. ఆ పేరున్న కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. "ఇది లెక్కకు చెల్లదు. చింపెయ్యాలి. కానీ నాకు చేతులు రావట్లేదయ్యా. వాళ్ళింట్లో ఎవరైనా ఉంటే ఇచ్చిరా."

కాటా దగ్గర కుర్చీలో ఏప్రిల్ ఒకటిన వేరే మనిషి కూర్చున్నాడు. ఆ పొద్దున తాతాజీ బస్సెక్కి మల్లవరం వెళ్ళాడు. ధనకుమారి అక్క వరలక్ష్మి బస్టాండు పక్కన టిఫిన్ బండి నడుపుతోంది. కాగితం అందుకుని చెల్లెలి పేరు చూసి, పిండి చేతులు చీరకు తుడుచుకుంది.

"మీరు మా చెల్లితో చదువుకున్నారా అండీ?"

అవునంటే ఆవిడ కూర్చోబెట్టి ఇడ్లీ పెట్టేది. తాతాజీ తలదించుకుని, "లేదండీ. ఆవిడ కష్టాన్ని దించి నాదని చెప్పుకున్నవాణ్ణి" అని ధనకుమారి రాసిన రికార్డు కూడా బండి మీద పెట్టాడు.

వరలక్ష్మి కళ్ళు ఎర్రబడ్డాయి. కొడుతుందేమో అనుకున్నాడు. ఆవిడ రికార్డు తెరిచి, పేజీలు నిమిరి, మళ్ళీ అతని చేతుల్లోనే పెట్టింది. "దించారు సరే, చదివారా?"

"లేదండీ."

"అయితే చదవండి. అది రాసిందల్లా ఒక్క మనిషన్నా చదవకపోతే ఎలాగండీ? మొత్తం చదివాక తెచ్చివ్వండి."

తాతాజీ చదివాడు. ఒక్కో ప్రోగ్రాముకూ నాలుగేసి రోజులు పట్టింది. షాపు పోయింది. సుభాషిణి పుట్టింటికి వెళ్ళి పురుడు పోసుకుంది. ఆ ఏడాదంతా వాళ్ళకు కష్టంగానే గడిచింది. తర్వాతి బ్యాచ్‌లో పరీక్ష రాసి, యాభై నాలుగు మార్కులతో గట్టెక్కాడు. రికార్డు తీసుకెళ్ళి వరలక్ష్మికి తిరిగిచ్చేశాడు. ధనకుమారి మళ్ళీ ఎవరికీ కనిపించలేదు.

పిల్లలూ, ఒకరి కష్టాన్ని దించుకుని దానికి మన పేరు పెట్టుకుంటే, దాని ఫలం మన చేతిదాకా వచ్చినా మనది కాదు. సొంతంగా తప్పులు చేసి నేర్చుకున్నది కొంచెమైనా సరే, అదే మనది.