అడవిదున్న నెమరేసిన గొడవలు

వెదుళ్లకోన అనే అడవిలో అడవిదున్నలు, దుప్పులు, అడవిపందులు, కొండముచ్చులు, ఉడుతలు, గోరువంకలు కలిసి ఉండేవి. రేచుకుక్కలు కూడా ఉండేవి గానీ, అవి ఎవరికీ చుట్టాలు కావు. కోన మధ్యలో ఒక వాగు పారేది. వాగుకు ఇటువైపు ఎండాకాలపు మేత, అటువైపు వానాకాలపు మేత.

అడవిదున్నల మందకు గంభీరయ్య పెద్ద. నల్లని ఒళ్లు, తెల్ల మేజోళ్లు తొడిగినట్టుండే కాళ్లు, కొండలాంటి మూపురం. అన్నిటికన్నా గొప్పది ఆయన రంకె. వానలు మొదలవగానే, వాగు పొంగకముందే మంద అవతలి గట్టుకు చేరాలి. గంభీరయ్య ముందుగా వాగు దాటి, గట్టెక్కి రంకె వేసేవాడు. వాన హోరులో దూడలకు దారి కనపడదు. ఆ రంకె వినపడిన వైపు నడిచి అవి గట్టు చేరేవి.

ఆ మందకు ఒక పాత కట్టుబాటు ఉంది. మధ్యాహ్నం మేత అయ్యాక నెమరు వేసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. నీడలో కూర్చుని, కళ్లు సగం మూసి, నిదానంగా నెమరు వేయాలి. ఏ కబురైనా ఆ తర్వాతే.

గంభీరయ్యకు ఈ కట్టుబాటు నచ్చలేదు.

"దవడలు పని చేస్తుంటే చెవులు ఖాళీగానే ఉన్నాయి కదా. ఆ సమయమంతా వృథా" అన్నాడు. అడవిలో ఏ తగవున్నా నెమరు వేళ తన దగ్గరకు తెమ్మని చాటించాడు. చాటింపు వేసింది తోకయ్య అనే కొండముచ్చు. చెట్టు చెట్టుకూ దూకి, "రండి, రండి, అయ్యగారు తీర్పులు చెబుతారు" అని అరిచాడు.

తగవులకు కొదవేముంది పిల్లలూ? వినేవాడు దొరికితే లేనివి కూడా పుట్టుకొస్తాయి.

గోరువంక వచ్చి, "అయ్యా, ఉడుత నా వంక చూసి తోక ఊపింది. అది వెక్కిరింపు" అంది.

"తోక ఉన్నాక ఊపకుండా మడిచి దాచుకోమంటావా?" అంది ఉడుత.

వాటి వెనక అడవిపందులు, వాటి వెనక దుప్పులు. గంభీరయ్య గబగబా మేసేవాడు, గబగబా కూర్చునేవాడు. సగం నెమరేసి తీర్పు చెప్పేవాడు. తీర్పు నచ్చనివాళ్లు గొణుక్కుంటూ పోయేవారు. ఆ గొణుగుడు ఆయన చెవుల్లోనే ఉండిపోయేది.

కొన్నాళ్లకు గంభీరయ్యకు గుండెల్లో మంట మొదలైంది. పుల్లటి తేన్పులు వచ్చేవి. పడుకుంటే గొంతులోకి చేదునీళ్లు ఎగదన్నేవి. తెల్లారేసరికి గొంతు బొంగురుపోయేది.

తోకయ్య వెంటనే వైద్యం చెప్పాడు. "దీనికింత దిగులెందుకు అయ్యగారూ? పులుపును పులుపుతోనే కొట్టాలి. చింతచిగురు మేయండి. పచ్చి ఉసిరికాయలు నమలండి. మా తాత అలాగే చేసేవాడు."

"మీ తాతకు తగ్గిందా?"

"తగ్గేదాకా ఉండలేదు పాపం. ఈలోపే పోయాడు."

గంభీరయ్య ఆ మాట సరిగా వినలేదు. అప్పటికే దుప్పుల తగవు వింటున్నాడు. చింతచిగురు మేశాడు. మంట రెట్టింపయింది.

మందలో చుక్కమ్మ అనే ముసలి ఆడ అడవిదున్న ఉండేది. నుదుటి మీద తెల్లచుక్క వల్ల ఆ పేరు వచ్చింది. ఎన్ని కరువులు చూసిందో, ఎన్నిసార్లు రేచుకుక్కల నోటి నుంచి దూడలను లాక్కొచ్చిందో లెక్కలేదు. అందుకే ఆమెకు నాన్చి మాట్లాడటం చేతకాదు.

"ఒరే గంభీరం, నువ్వు గడ్డి ఒక్కటే నెమరేస్తున్నావా?" అని అడిగింది.

"గడ్డి కాక రాళ్లు నెమరేస్తానా పెద్దమ్మా?"

"రాళ్లయినా నయం. పొద్దున ఎవడో అన్న మాట మధ్యాహ్నం పైకి తెస్తావు. మధ్యాహ్నం నమిలింది సాయంత్రం మళ్లీ తెస్తావు. నీ కడుపు ఏం పాపం చేసిందిరా?"

"మందకు పెద్ద నేను. నాకు నెమరు వేయడం నేర్పుతావా?" అని గంభీరయ్య మొహం తిప్పుకున్నాడు. గర్వం వచ్చినప్పుడు మొహం తిప్పుకోవడం చాలా తేలిక. కడుపు మాత్రం ఎటూ తిరగదు.

ఇంతలో పడమట మబ్బులు కనిపించాయి. వాగు దాటే రోజులు దగ్గరపడ్డాయి. దూడలకు గొంతు గుర్తుండాలని ఏటా ముందుగా ఒకసారి రంకె వినిపించడం ఆనవాయితీ. గంభీరయ్య గుట్టెక్కాడు. మంద అంతా కింద నిలబడింది. దూడలు చెవులు నిక్కించాయి. గంభీరయ్య ఛాతీ నిండా గాలి పీల్చి, మెడ చాచి, నోరు తెరిచాడు.

బయటికి వచ్చింది పెద్ద తేన్పు.

వీరడు అనే కుర్రదున్న ఉండబట్టలేక అడిగాడు. "మామా, ఇది రంకెనా, తేన్పా? దూడలు దేన్ని గుర్తు పెట్టుకోవాలి?"

మంద మందంతా పడీపడీ నవ్వింది. నవ్వనిది చుక్కమ్మ ఒక్కతే. వాగు గట్టున పొదల్లో రేచుకుక్కలు నాలుకలు చాచి కూర్చోవడం ఆమె చూసింది. వాన హోరులో గొంతు వినపడకపోతే దూడలు చెల్లాచెదురవుతాయి. చెదిరిన దూడ రేచుకుక్కలకు కూడు.

గంభీరయ్య తల దించుకుని గుట్ట దిగాడు. అందరి ఎదుటా నవ్వులపాలయ్యాడు. తిన్నగా చుక్కమ్మ దగ్గరకు వచ్చాడు.

"పెద్దమ్మా, నా పరువు పోతే పోయింది. దూడలు ఏమైపోతాయి? నేనేం చెయ్యాలో చెప్పు" అన్నాడు.

"ఇప్పుడు పెద్దలా మాట్లాడావు. ముందు ఆ చింతచిగురు మానెయ్. ఆ కోతి మాట వినడం కూడా మానెయ్" అంది చుక్కమ్మ.

"కోతి కాదు, కొండముచ్చును" అని పైనుంచి తోకయ్య సరిదిద్దాడు.

చుక్కమ్మ ఆ పూట నుంచే పని మొదలుపెట్టింది. ఒక్కసారిగా కడుపు పగిలేలా మేయనివ్వలేదు. కొంచెం కొంచెంగా, నిదానంగా మేయించింది. చీకటి పడకముందే మేత ముగించమంది. మేయగానే పడుకోబోతే కొమ్ముతో పొడిచి లేపి, వాగు దాకా నడిపించింది. పడుకునేటప్పుడు తల ఎత్తులో, కాళ్లు పల్లంలో ఉండేలా వాలుగా ఉన్న చోటు చూపించింది. నెమరు వేళ తగవులు పూర్తిగా బంద్.

అయినా మొదటిరోజు మంట తగ్గలేదు. గంభీరయ్య నోరు మూసుకుని కూర్చున్నాడు గానీ, కనుబొమలు ముడిపడే ఉన్నాయి.

"లోపల ఏదో నములుతున్నావు. ఏమిటది?" అంది చుక్కమ్మ.

"ఏం లేదు."

"ఆ ఏం లేదు అనేదే బయటికి కక్కు."

గంభీరయ్య గిట్టతో నేల తవ్వాడు. చివరికి అన్నాడు. "వీరడు నా చోటు లాక్కుంటాడేమో అని భయం. తీర్పులు చెబుతుంటేనే నన్ను అందరూ పెద్ద అంటారు. మానేస్తే మరిచిపోతారు."

చుక్కమ్మ వీరణ్ణి పిలిచింది. "నీకు వీడి చోటు కావాలా?"

వీరడు బెదిరిపోయాడు. "నాకెందుకు పెద్దమ్మా? పొద్దున్న లేచింది మొదలు ఉడుత తోక, గోరువంక ముక్కు. నాకు పిచ్చెక్కుతుంది. కావాలంటే వాగు దాటేటప్పుడు మంద వెనక కాపలా ఉంటాను. రేచుకుక్కలను తన్నడం నాకు సరదా."

గంభీరయ్య వీరడి మొహం చూశాడు. తర్వాత తన మీద తానే నవ్వుకున్నాడు. ఇన్నాళ్లకు అదే ఆయన మొదటి నవ్వు. "సరే అల్లుడూ, వెనక కాపలా నీది" అన్నాడు. ఇంతకాలం ముందు దారి చూపడమూ, వెనక ఎవరు నడవాలో చెప్పడమూ తానే చేసేవాడు. సగం పెత్తనం వదులుకోవాల్సి వచ్చింది. వదిలాక చూస్తే మూపురం తేలికైనట్టు అనిపించింది.

ఇక తగవులు తెల్లవారి మేతకు ముందు మాత్రమే విన్నాడు. నిలబడి విని, ఒక్క మాట చెప్పి, అక్కడితో వదిలేసేవాడు. పొద్దున్నే గోరువంకా ఉడుతా వచ్చాయి.

"ఏమిటి తగవు?" అన్నాడు గంభీరయ్య.

గోరువంక ఉడుత వంక చూసింది. "ఏమిటే మన తగవు?"

"నువ్వే కదా పిలిచావు. నీకే తెలియాలి" అంది ఉడుత.

"రాత్రి దాకా గుర్తుంది. అయ్యో, భలే తగవు. ఎలా మరిచిపోయానో" అని గోరువంక బాధపడుతూ ఎగిరిపోయింది.

గంభీరయ్య మధ్యాహ్నాలు కళ్లు సగం మూసి, ముక్కుతో నిండుగా గాలి పీల్చి, మెల్లగా వదులుతూ, గడ్డిని మాత్రమే నెమరేశాడు. ఒక మాట పైకి రాబోతే, "నువ్వు గడ్డివి కావు, పో" అని మనసులో అనుకునేవాడు. తేన్పులు తగ్గాయి. మంట చల్లారింది. గొంతు మెల్లగా విచ్చుకుంది.

మబ్బులు ఒక మధ్యాహ్నం ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. వాగు ఎర్రబడింది. గంభీరయ్య నీళ్లలోకి దూకి, అవతలి గట్టెక్కి, మెడ చాచాడు. ఆ రంకెకు వెదుళ్లు వణికాయి. కొండ దాన్ని తిరిగి పలికింది. దూడలు ఒకదాని వెనక ఒకటి ఆ గొంతు వైపు నడిచాయి. వెనక రేచుకుక్కలు ఉరికితే వీరడు సరదా తీరా తన్నాడు. ఒక్క దూడ కూడా తప్పిపోలేదు.

ఆ సాయంత్రం కొత్త పచ్చికలో దూడలు వానలో తడుస్తూ గంతులు వేశాయి. మంద చుక్కమ్మను గట్టు మీది మెత్తని మేతలో నిలబెట్టింది. ఆమె తిన్నాకే మిగతావాళ్లు మూతి పెట్టారు. "ముసలిదాన్ని చేసి ముందు తినిపిస్తారా?" అని ఆమె కసిరింది గానీ, ఒక్క పరక కూడా వదల్లేదు.

తోకయ్య మాత్రం ఊరుకోలేదు. అయ్యగారు వదిలిన తీర్పులు తాను చెబుతానని చెట్టెక్కి కూర్చున్నాడు. ఒక చేత్తో పండు, ఒక చేత్తో తగవు. వారం తిరగకముందే ఛాతీ రుద్దుకుంటూ చుక్కమ్మ కోసం వెతికాడు. ఆమె నెమరు వేస్తోంది. అది అయ్యేదాకా అతను వానలో నోరు మూసుకుని నిలబడాల్సి వచ్చింది.

నీతి: తిన్నది ఒంటబట్టాలంటే తినే వేళ మనసు చల్లగా ఉండాలి, గొడవలను నెమరేసేవాడికి గుండెల్లో మంటే మిగులుతుంది.