తినే వచ్చిన పిల్ల

బొబ్బిలిలో సన్యాసిరావు మాస్టారిని లెక్క అడిగితే జవాబు అక్కడికక్కడే చెబుతారు. బతుకు సంగతి అడిగితే మాత్రం లేచి చెప్పులేసుకుంటారు. అడిగినవాళ్లు మారుమాట్లాడకుండా వెనకాలే నడవాలి.

ఆ ఆదివారం ప్రవల్లిక పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్లయినా ముట్టకుండా ఆయన ఇంటికొచ్చింది. పంక్చర్లు వేసే మజ్జి తవుడు కూతురు. ఆ పిల్ల చెయ్యలేని లెక్క ఊళ్లో లేదు. అమెరికాలో పేరుమోసిన కాలేజీకి దరఖాస్తు ఆన్‌లైన్‌లో అంతా నింపి, ఒక్క గడి దగ్గర ఆగిపోయి, ఆ పేజీ ప్రింటు పట్టుకొచ్చింది. పంపడానికి సాయంత్రం దాకే గడువు.

"ఫీజుకి మా సాయం కావాలా వద్దా అని అడుగుతున్నారు మాస్టారూ. బయటి దేశం పిల్లలు సాయం కావాలని పెడితే, సీటిచ్చేముందు అది కూడా చూస్తారట. వద్దంటే సీటు కాస్త తేలిగ్గా వస్తుందట. కాని ఇప్పుడు వద్దన్నవాళ్లు నాలుగేళ్లూ మళ్లీ అడగడానికి లేదని కిందే రాశారు. కన్సల్టెన్సీ ఆయనేమో, వద్దని పెట్టెయ్యి, ముందు లోపలికి దూరితే తర్వాత వాళ్లే జాలిపడతారు అంటున్నాడు."

"మీ నాన్న కట్టగలడా?"

"షాపూ ఇల్లూ అమ్మి, పైన నాన్నని కూడా అమ్మినా మొదటి ఏడాదికి చాలదు. ఏం పెట్టమంటారు?"

మాస్టారు చెప్పులేసుకున్నారు.

పక్కవీధిలో రామజోగి గృహప్రవేశం. రామజోగి ముప్ఫై ఏళ్లు పోస్ట్‌మాన్‌గా చేసి, కవరు మీద ఏం రాసుంటే అక్కడికే చేర్చిన మనిషి. రెండొందల మందిని పిలిస్తే మూడొందల మంది వచ్చారు. పందిరి గుమ్మంలో చెమటలు కక్కుతూ ఒక్కొక్కరినీ అడిగి కూర్చోబెడుతున్నాడు.

"రండి మాస్టారూ. అమ్మా, నువ్వు భోంచేస్తావా?"

పిలవని ఇంటికొచ్చిన సిగ్గుతో ప్రవల్లిక తల అడ్డంగా ఊపింది. "అబ్బే, తినే బయల్దేరానండీ." ఎవరింట్లోనైనా ఈ మాటకి, అదేం కుదరదు, రెండు ముద్దలైనా తినాలి అంటారు. ఆ రెండో పిలుపుకి ఒప్పుకోవడానికి ఆమె సిద్ధంగానే ఉంది.

రామజోగి మొహం వెలిగిపోయింది. "బతికించావు తల్లీ. ఆ చివర ముందు ఆకు వేసే చోటులేని కుర్చీ ఒకటుంది, మాస్టారి పక్కన కూర్చో. ఒరే అప్పన్నా, ఈ అమ్మాయికి ఆకు వద్దు."

చోటు మాత్రం మంచిదే. ఫ్యాను కింద, వంటల బల్లకి ఎదురుగా. పులిహోర వచ్చింది, ఆమెను దాటిపోయింది. ఆవపెట్టిన పనసపొట్టు కూర వచ్చింది, దాటిపోయింది. మాస్టారు బూరెకి బొటనవేలితో చిల్లు పెట్టి, అందులో నెయ్యి పోయించుకుంటున్నారు. ప్రవల్లిక కడుపులోంచి వచ్చిన చప్పుడు మాస్టారికి అవతల కూర్చున్నాయనకి వినబడి ఆయన చుట్టూ చూశాడు.

"మాస్టారూ, మీరైనా చెప్పండి," అంది గొంతు తగ్గించి.

"ఏమని చెప్పను? తినే వచ్చావు కదా," అన్నారాయన దప్పళం కలుపుకుంటూ.

అంతలో చింతపండు అమ్మే ఎర్నమ్మ గుమ్మంలోకొచ్చింది. "ఆకలేత్తంది బాబూ."

"ఈ బంతిలో చోటు లేదు అవ్వా."

"ఆ కల్యాణమండపం కాడా నేదన్నారు. ఇక్కడా అంటావేటి? సరే, నిలబడతాను. కాళ్లు నొప్పెడితే మరో ఇల్లు సూస్తాను."

ఆమె అలా నిలబడగానే, ఫోనొచ్చి ఒకాయన ఆకు ముందునుంచి లేచి వెళ్లిపోయాడు. రామజోగి కేకేశాడు. "ఇక్కడొకటి ఖాళీ. తినేవాళ్లెవరు?"

ఎర్నమ్మ చెయ్యెత్తింది. ప్రవల్లిక చెయ్యి కూడా సగం లేచింది. రామజోగి ఆప్యాయంగా నవ్వాడు. "నువ్వు తినే వచ్చావు కదమ్మా. కూర్చో, కూర్చో."

ఎర్నమ్మ కూర్చుని, మొదటి బూరె నోట్లో ఉండగానే, "ఇంకోటెయ్యి నాయనా," అంది. అప్పన్న వేశాడు.

ప్రవల్లిక లేచింది. బంతిలో వాళ్లందరి ముందునుంచీ నడిచి రామజోగి దగ్గరకెళ్లి, అందరికీ వినబడేలా చెప్పింది. "ఆకలేస్తోందండీ. ఇందాక అబద్ధం చెప్పాను."

రామజోగి తెల్లబోయాడు. "అదేమిటమ్మా? మరి నేను అడిగాను కదా?"

"మళ్లీ అడుగుతారనుకున్నాను."

"మళ్లీ ఎందుకడుగుతాను తల్లీ? వద్దన్నావు కదా." ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. "సరేలే, రెండో బంతికి పేరు రాస్తాను. అప్పటిదాకా వంటకాలు మిగిలితే మాత్రం."

ప్రవల్లిక వచ్చి, చెయ్యి కడుక్కుంటున్న మాస్టారి పక్కన నిలబడింది. చేతిలో దరఖాస్తు కాగితం మడత నలిగిపోయి ఉంది. మాస్టారు కండువాతో చెయ్యి తుడుచుకుని, ఆ కాగితం వైపొకసారి, పందిరి వైపొకసారి చూశారు.

"అదృష్టవంతురాలివే," అన్నారు. "ఈ ఇంట్లో రెండో బంతి ఉంది."