రాబోయేవాడి కుర్చీ

నెల్లిపేట బాస్కెట్‌బాల్ జట్టుకి మురహరిరావు అనే మేనేజరు ఉండేవాడు; ఉన్న ఆటగాడి కంటే రాబోయే ఆటగాడి మీదే ఆయనకి మక్కువ ఎక్కువ.

పుట్టుకతో వచ్చిన జబ్బు కాదది. ఒకసారి కలిసొచ్చి అంటుకున్న జబ్బు. ఆ లీగులో ఓ కట్టుబాటు ఉండేది. ఏ జట్టూ తన ఆటగాళ్లందరికీ కలిపి ఏడాదికి పన్నెండు లక్షలు మించి జీతమివ్వకూడదు, పన్నెండు పేర్లు మించి రాసుకోకూడదు. మిగతా మేనేజర్లు మొదటి రోజే ఉన్నదంతా పంచేసి చేతులు దులుపుకునేవారు. మురహరిరావు మాత్రం ఓ ఏడాది లక్ష రూపాయలూ, ఒక పేరుకి చోటూ మిగిల్చుకుని కూర్చున్నాడు. సీజను మధ్యలో పక్క ఊరి జట్టు మూతపడింది. అందులోని మేటి ఆటగాడు రోడ్డున పడ్డాడు. అతన్ని తీసుకోగలిగిన జట్టు నెల్లిపేట ఒక్కటే. ఆ ఏడు కప్పు మనదే. మురహరిరావుని ఊరంతా భుజాల మీద ఊరేగించారు.

తెలివైన పనే, నేను కాదనను. కానీ ఆ ఊరేగింపు ఆయన నెత్తికెక్కింది. ఆ రోజు నుంచి ఎవరు కనిపించినా "చోటుంచుకోవాలయ్యా, చోటు" అనడమే పని. మరుసటి ఏడు పదకొండో నంబరుకి ఎదురుగా మనిషి పేరు రాయలేదు. "రాబోయేవాడు" అని రాశాడు. బెంచీ చివర ఓ కుర్చీ వేయించి, ఆ నంబరు జెర్సీ దానికి తగిలించాడు. కాలు పట్టేసి కెప్టెన్ పైడిరాజు ఒకసారి అందులో కూలబడితే లేపేశాడు. ఆ ఏడు కుర్చీ ఖాళీగానే ఉంది, జట్టు అట్టడుగున మిగిలింది.

వరసగా రెండేళ్లు అడుగున మిగిలిన జట్టుని లీగులోంచి తీసేస్తారు. జనపనార మిల్లు మూతపడ్డాక ఆ ఆటగాళ్ల ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నది ఈ జీతంతోనే. అందుకని పైడిరాజు సీజను మొదట్లోనే మేనేజరు ఇంటికి వెళ్లి, ఈ ఏడయినా పన్నెండో మనిషిని తీసుకోమని బతిమాలాడు. మురహరిరావు నవ్వి కాఫీ ఇప్పించి పంపేశాడు. మళ్లీ "రాబోయేవాడు" అనే రాశాడు.

ఆట మొదలయ్యే ముందు లీగు గుమాస్తా కూర్మనాథం పేర్లు పిలిచేవాడు. ముప్పై ఏళ్లుగా ఆయన పిలిచే తీరు ఒకటే. పుస్తకంలోంచి తలెత్తడు. పేరు చదువుతాడు, "ఉన్నాను" అని వినిపిస్తే టిక్కు పెడతాడు. మూడు ఆటల్లోపు పలకని పేరు కొట్టేస్తాడు, ఆ సీజనుకి ఆ చోటు పోయినట్టే; కిందటేడు రాబోయేవాడి పేరూ అలాగే పోయింది. ఒక్కసారి పలికిందా, తనంతట జెర్సీ విప్పి ఇచ్చేస్తే తప్ప సీజను అయ్యేదాకా ఆ చోటు పలికినవాడిదే.

మొదటి రెండు ఆటల్లో "పదకొండు, రాబోయేవాడు" అనగానే జనం ఘొల్లుమన్నారు. ఎవరూ పలకలేదు. మూడో ఆట రోజు సాయంత్రం నాలుగయింది. సిమెంటు కోర్టు మీద ఎండ చురుక్కుమంటోంది. కూర్మనాథం అదే పేరు చదివాడు.

"ఉన్నాను" అని వినిపించింది.

కుర్చీ వైపు నుంచే. గొంతు పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. చాలాసేపు నీళ్లు తాగనివాడి గొంతులా ఉంది. జనంలో ఒక్కరూ నవ్వలేదు. పైడిరాజు బెంచీ మీద నుంచి లేచి దూరంగా జరిగాడు.

కూర్మనాథం తలెత్తకుండానే అడిగాడు. "మురహరిరావుగారూ, పలికారు. టిక్కు పెట్టమంటారా, పేరు కొట్టేయమంటారా?"

మురహరిరావు కుర్చీ వైపు చూశాడు; జెర్సీ తప్ప ఏమీ లేదు. కానీ పేరు కొట్టేస్తే చోటు పోతుంది. ఎవడో ఆకతాయి అరిచాడులే, మనకి మంచిదే అయింది అనుకున్నాడు.

"పెట్టండి" అన్నాడు.

మర్నాడు జెర్సీలు ఉతికే గవరమ్మ మూట పట్టుకుని మురహరిరావు దగ్గరికి వచ్చింది. రెండేళ్లుగా పదకొండో నంబరు జెర్సీని ఆమె ఉతికింది లేదు, దుమ్ము దులిపి తగిలించేసేది. ఆ రోజు దాన్ని వేళ్ల కొసలతో పట్టుకుని దూరంగా చాపింది.

"బాబూ, ఈ సొక్కా ఎవులేసుకున్నారు? సెమటతో తడిసి ముద్దయిపోనాది" అని అడిగింది.

వాన పడిందేమో అన్నాడాయన. నెలరోజులుగా నెల్లిపేటలో చినుకు లేదు. ఆ రోజు నుంచి గవరమ్మ ఆ చొక్కాని విడిగా ఉతకడం మొదలుపెట్టింది.

అంతలో ఎర్రన్న వచ్చాడు. జట్టులో అందరికంటే పొడగరి. బుట్ట కింద అతను నిలబడితే అవతలివాడికి బంతి వేయడానికి సందు దొరికేది కాదు. ఇంట్లో మూడో బిడ్డ పుట్టిందనీ, నెలకి ఇంకో అయిదొందలు ఇప్పించమనీ తలొంచుకుని అడిగాడు. పరిమితిలో అప్పటికింకా లక్షన్నర ఖాళీ ఉంది. అయిదొందలు ఆయనకో లెక్కా? కానీ మురహరిరావుకి చోటు తరిగిపోతుందని బెంగ.

"ఇవాళ నీకిస్తే రేపు వచ్చేవాడికి ఏం మిగులుతుందయ్యా?" అన్నాడు.

ఎర్రన్న జెర్సీ విప్పి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. మురహరిరావు అతని పేరు కొట్టేసి, ఏడో నంబరుకి కూడా "రాబోయేవాడు" అని రాశాడు. రెండో కుర్చీ పడింది. మూడు ఆటలు తిరిగేసరికి అదీ పలికింది.

ఆ తర్వాత ఆయన్ని పట్టేవాళ్లే లేకపోయారు. విశాఖలో ఆరున్నర అడుగుల వాడొకడు ఏ క్షణాన్నయినా జట్టు మారతాడని ఎవరో చెవిలో ఊదారు. అతనికి చోటు చేయాలని ఖాసింనీ, విక్టర్‌నీ, ఇంకో ఇద్దర్నీ జెర్సీలు విప్పించి పంపేశాడు. మరో ఇద్దరు ఆ కుర్చీల పక్కన కూర్చోలేక వాళ్లంతట వాళ్లే మానుకున్నారు. ఎంతకని ఓర్చుకుంటారు, పాపం? మనిషి లేని కుర్చీ కిర్రుమంటే ఎవరికి మాత్రం ఒళ్లు జలదరించదు? పేర్లు పిలిచే వేళ ఎనిమిది కుర్చీల్లోంచి ఎనిమిది సార్లు అదే ఎండిన గొంతు వినిపించేది. సాయంత్రపు ఎండలో బెంచీ నీడ కోర్టు మీదికి సాగితే, మనుషులు నలుగురూ, నీడలు పన్నెండూ కనిపించేవి. ఆరున్నర అడుగుల వాడు రానేలేదు. అప్పటికే వేరే జట్టులో చేరి కప్పు కోసం ఆడుతున్నాడు.

ఆఖరి ఆట వచ్చింది. గెలిస్తే లీగులో ఉంటారు, ఓడితే పోతారు. ఆ మధ్యాహ్నమే పైడిరాజు ఎర్రన్న ఇంటికి వెళ్లి అతని చేతులు పట్టుకున్నాడు. ఎర్రన్న మంచివాడు, పాత జీతానికే ఆడతానన్నాడు. బూట్లు వేసుకుని మరీ వచ్చాడు. అతన్ని చూసేసరికి మురహరిరావుకి ప్రాణం లేచొచ్చింది. నిజం చెప్పాలంటే ఆయనకి అప్పటికి పది రోజులుగా నిద్ర లేదు. పరుగున గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లి, ఎర్రన్న పేరు రాసుకోమని అడిగాడు. పరిమితిలో కావలసినంత ఉందని, ఎనిమిది మంది జీతం అలాగే మిగిలి ఉందని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

కూర్మనాథం పుస్తకంలో వేలు పెట్టి పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాడు.

"జీతానికి చోటుందండీ, మనిషికి లేదు. పన్నెండు పేర్లూ పలికేశాయి. టిక్కు పెట్టమన్నది మీరే కదా" అన్నాడు.

"అక్కడ ఎవరూ లేరయ్యా!" అన్నాడు మురహరిరావు.

ముప్పై ఏళ్లలో మొదటిసారి కూర్మనాథం తలెత్తాడు. బెంచీ వైపు ఓ చివర నుంచి ఇంకో చివర దాకా నెమ్మదిగా చూశాడు. ముఖం పాలిపోయింది. మళ్లీ పుస్తకంలోకి తల దించేసుకున్నాడు.

"నిండా ఉన్నారండీ" అన్నాడు.

ఎర్రన్న గీత అవతలే నిలబడిపోయాడు. రిఫరీ కోర్టు మీద వేలితో లెక్కపెట్టి, అయిదుగురున్నారని ఈల వేశాడు. పైడిరాజుకి తనతో కలిపి నలుగురే కనిపించారు. అయినా ఆడాడు. ముప్పై నాలుగేళ్ల మోకాళ్లతో, ఏడుపు దిగమింగుకుంటూ ఆడాడు. ఆఖరి క్షణాల్లో రెండే పాయింట్లు వెనకబడి ఉండగా, బుట్ట పక్కన బూట్లు కిచకిచమన్న చప్పుడు విని, ఇంక వేరే దారిలేక అటు బంతి విసిరాడు. అది ఎర్రన్న ఎప్పుడూ నిలబడే చోటు. బంతి ఎవరి చేతులూ తగలకుండా సాగిపోయి, గీత దాటి, వచ్చి ఎర్రన్న కాళ్ల దగ్గరే ఆగింది. ఆట అయిపోయింది.

జట్టుని లీగులోంచి తీసేశారు. ఎర్రన్ననీ పైడిరాజునీ వేరే జట్లు తీసుకున్నాయి గానీ, ఇళ్లు వదిలి ఎక్కడో బతకవలసి వచ్చింది. మిగతావాళ్లు కూలిపనుల్లో పడ్డారు. మురహరిరావు మాత్రం ఇప్పటికీ నాలుగింటికల్లా కోర్టుకి వెళతాడు. ఎనిమిది కుర్చీల ముందు నిలబడి పేర్లు పిలుస్తాడు, మానేస్తే వాళ్లు ఇంటికొస్తారని భయం. కిందటి నెల ఆయన పిలుస్తుంటే గోడ ఇవతల నేనూ విన్నాను, మళ్లీ ఆ దారిన వెళ్లలేదు. గవరమ్మ వారానికోసారి ఎనిమిది తడి జెర్సీలు తీసుకెళ్లి ఉతికి తెస్తుంది. వాటిని ఎవరు తొడుక్కున్నారని ఇప్పుడు అడగదు.

రేపటి కోసం కొంత చోటు మిగుల్చుకోవడం తెలివే. కానీ ఆ చోటు కోసం ఇవాళ మన పక్కన నిలబడ్డవాళ్లను వదులుకుంటే, రేపు ఆ చోటులో మనకి మిగిలేది శూన్యమే.