లక్క ముద్ర

అయ్యవారి ముద్ర పడిన రాయి మీద చెన్నాంబ కత్తి పెట్టింది. పీఠంలో అంతకన్నా పెద్ద తప్పు లేదు.

ఎర్రమల కొండల కింద, రాళ్లను గుర్తుపట్టడం నేర్పే పీఠం అది. భైరవయ్యవారు ఒక రాయిని చూసి, పేరు చెప్పి, లక్క ముద్ర వేశారంటే ఇక దాన్ని ఎవరూ పరీక్షించరు. ముట్టుకోవాలన్నా చేతులు కడుక్కుని ముట్టుకోవాలి.

"ఏమ్మే, కండ్లు నెత్తికెక్కినాయా?" పెద్ద శిష్యుడు కంపరాయుడు ఆమె చేతిలోని కత్తి లాక్కున్నాడు. "అయ్యవారు స్ఫటికమన్న రాయిని నువ్వు గీకుతావా? దానికోసం గుత్తి బేరగాడు బండి కట్టుకుని వాకిట్లో నిలబడున్నాడు. వానికేం చెప్పాల?"

"స్ఫటికం కాదని చెప్పన్నా."

"తప్పయిందని అయ్యవారి కాళ్లు పట్టుకో. లేదంటే మూట సర్దుకో."

చెన్నాంబకు ఆ గడప దాటితే మరో గడప లేదు. ఆడపిల్లకు ఈ విద్య చెప్పేవాళ్లు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ లేరు. అయినా రాయిని కింద పెట్టలేదు.

"స్ఫటికమైతే కత్తి జారిపోవాల. దీని మీద తెల్లగా గీత పడింది. ఆ పరీక్ష అయ్యవారు నేర్పిందే. అది తప్పని ఒక్క మాట చెప్పన్నా, ఇప్పుడే కాళ్లు పట్టుకుంటా."

"అయ్యవారి కంటికన్నా నీ కత్తి గొప్పదా?"

"ఈ రాయి దగ్గర గొప్పదే!"

భైరవయ్యవారు చాప మీద కూర్చుని అంతా వింటున్నారు. ఏడాదిగా ఆయన కండ్లకు పొర కమ్ముతోంది. అది అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

"నిమ్మకాయ కోసుకురామ్మా," అన్నారు.

ఆమె తెచ్చింది. ఆయన రాయి అందుకుని గోటితో తడుముతూ గీతను వెతికారు. దొరికింది. గీతలోని పొడి మీద నిమ్మకాయ పిండారు.

స్ఫటికం మీద పులుపు నీళ్లలా జారిపోతుంది. సున్నపు జాతి రాయైతే ఆ పొడి బుసబుసమంటుంది. పీఠంలో చేరినవాళ్లకు మొదట చెప్పే పాఠమే అది.

భైరవయ్యవారు రాయిని చెవి దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు విన్నారు.

తర్వాత లక్క ముద్రను గోటితో పెకలించి నేల మీద పడేశారు.

"బేరగాణ్ని బండి విప్పుకోమను రాయుడూ. గదిలో నేను ముద్ర వేసిన రాళ్లున్నాయే, అన్నీ ఇక్కడికి తీసుకురా."

కంపరాయుడు గది వైపు ఒక అడుగేసి ఆగాడు. "అన్నీనా? అవి... అవి మీరు చూసినవి కదా, అయ్యవారూ!"

"అందుకే," అన్నారాయన. "ఆ కత్తి ఆ పిల్లకిచ్చెయ్."