నాంచారి కాలు

ఎప్పుడని మాత్రం అడక్కండి. మా తాతకి వాళ్ళ తాత చెప్పేనాటికే పాతబడ్డ సంగతి ఇది. దగ్గరికి జరగండి. భలే కథ. కానీ ఏడుపు కథ.

అనగనగా కొండవార ఒక ఊరు. ఊరి అవతల ఒక గూడెం. గూడెంవాళ్ళంతా బుట్టలల్లేవాళ్ళు. వాళ్ళలో నాంచారి అల్లిందంటే, అబ్బో, ఆ బుట్టలో నీళ్ళు పోసినా ఆలోచించుకుని గానీ కారేవి కావు!

ఆ ఊళ్ళో మూడేళ్ళకోసారి పెత్తందారుని ఎంచుకునేవారు. చావిడి ముందు రెండు బుట్టలు పెడతారు. ఇంటికో చింతపిక్క. నచ్చినవాడి బుట్టలో వెయ్యాలి. ఎవరికి పిక్కలెక్కువ పడితే వాడిదే పెత్తనం. ఆ బుట్టలు అల్లేది నాంచారి. వాటిలో పిక్క వేసే రాత మాత్రం ఆమెకి లేదు.

ఎందుకంటారా? చావిడి ముందు బొండ ఉండేది. బొండంటే పెద్ద దుంగ. కన్నంలో దొంగ కాలు దూర్చి మేకు కొడతారు. ఊరివాడు దొంగతనం చేస్తే వాడొక్కడే దొంగ. గూడెంలో ఒక్క కాలు బొండలో పడితే గూడెం మొత్తం దొంగలే, గూడేనికి పిక్క లేదు. అదీ కట్టుబాటు.

మొదటిసారి పిక్కల రోజు పొద్దున్నే పెత్తందారు కోడిపుంజు పోయింది. "ఇంకెవరు? గూడెంవాళ్ళే!" అన్నారు. నాంచారి మొగుడు అంకన్న కాలు బొండలో పెట్టారు. గూడేనికి పిక్క లేదు. సాయంత్రానికి పుంజు గడ్డివామెక్కి కూసింది. అందరూ విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అంకన్న కాలు చీము పట్టి, ఆ మనిషి మళ్ళీ లేవలేదు.

రెండోసారి పెత్తందారు ఇత్తడి చెంబు పోయింది. "ఇంకెవరు? గూడెంవాళ్ళే!" ఈసారి నాంచారి కాలు. గూడేనికి పిక్క లేదు. మర్నాడు చెంబు ఆయన నూతిలోనే దొరికింది. అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనలేదు.

మూడోసారికి నాంచారి గూడేన్ని పోగేసింది.

"ఒరే, ముందురోజే పోయి చావిడి ముందు కూర్చుందాం. ఊరంతా చూస్తుండగా కూర్చుందాం. అప్పుడేం పోయినా మనమీద ఎట్లా పెడతారో చూద్దాం."

కూర్చున్నారు. కదల్లేదు. తెల్లారేసరికి పెత్తందారు ఎద్దు మెడలో గంట పోయింది. ఆయన చావిడికొచ్చాడు. గూడేన్ని చూశాడు. ఊరిని చూశాడు.

గూడెం నవ్వింది. ఊళ్ళోవాళ్ళూ ఒకరిద్దరు నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది నాంచారి. పిడికిట్లో పిక్క ఉంది మరి.

"ఏం దొరా, ఈసారి దొంగ దొరకలేదా? పాపం, బొండ బోసిపోయింది!" అంటూ తన కాలు తనే కన్నంలో పెట్టింది. "ఇదిగో, అలవాటైన కాలే!"

పెత్తందారు నవ్వలేదు.

"మేకు కొట్టండ్రా."

"అయ్యో దొరా, నవ్వులాటకి పెట్టాను!"

"ఎందుకు పెట్టావని కట్టుబాటు అడగదే ముసలీ. కాలు పడిందా లేదా, అంతే."

గూడేనికి పిక్క లేదు.

పక్క గుడిసె గంగి దగ్గరికొచ్చి, "ఎంత పని చేశావు అత్తా!" అంది. అంతే అంది. ఇంకో మాట అన్నా బాగుండేది.

మూడో రోజు మేకు తీశారు. నాంచారి కాలు తియ్యలేదు. "నేనే పెట్టుకున్నాగా" అంది. అక్కడే పోయింది. ఆ పొద్దున పెత్తందారు కొట్టంలోనే గంట మోగింది. అందరూ విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నాంచారి పిడికిలి విప్పబోతే రాలేదు. పిక్కతోనే పూడ్చారు.

పెత్తందారు పోయేదాకా ఆయనే పెత్తందారు. తర్వాత ఆయన కొడుకు.

బొండ చెదలు పట్టింది. బుట్టలు పోయి పెట్టెలొచ్చాయి. ఏదన్నా పోతే మాత్రం ఇప్పటికీ ముందు గూడెంలోనే వెతుకుతారు. ఓట్ల రోజున చూడండి, గూడెంలో ఓటు పడేదాకా ఎవరూ నవ్వరు. ఓటేసే చోట గుమ్మం దగ్గర ఒక్కొక్కరూ ఆగి, తమ కాళ్ళకేసి చూసుకుంటారు.

"నాంచారమ్మా, కాలు బొండ బయటే ఉంది" అని, అప్పుడు లోపలికెళ్తారు.