రాజవీరు తప్పు పాడిన పాట

బాలమణికి ఇరవై తొమ్మిదేళ్లు. పాట కట్టేటప్పుడు ఒకచోట కూర్చోలేదు. సిరిసిల్ల వీధుల్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూనే ఉంటుంది.

ఆమె కట్టి పాడిన మూడు జానపదాలను ఒక యూట్యూబ్ ఛానెల్‌లో లక్షల మంది విన్నారు. మూడింటి కిందా "గానం: బాలమణి" అని ఉంది. "సేకరణ" అన్నచోట ఛానెల్ యజమాని పేరుంది. కట్టింది ఆమేనని ఎక్కడా లేదు. నాలుగో పాటకూ అదే షరతు. కాదంటే రికార్డింగు లేదు. రేపు సాయంత్రంలోగా చెప్పమన్నాడు. బాలమణి కాళ్లు నొప్పి పుట్టేదాకా తిరిగి, తనకు పాట నేర్పిన రాజవీరు ఇంటికి వెళ్లింది.

"అవ్వా, పాట నలుగురి నోట్ల పడుడు ముఖ్యమా, కట్టినామె పేరు ముఖ్యమా?"

రాజవీరు ప్రశ్నలకు జవాబు చెప్పే మనిషి కాదు. "పొద్దున పాటల పోటీ ఉంది. నేను పాడుతున్న. రా" అంది.

"రేపే చెప్పాలె అవ్వా."

"పోటీ కూడా రేపే."

మర్నాడు డెబ్భై ఏళ్ల రాజవీరు వేదిక ఎక్కి, పెళ్లైన కొత్తలో బీడీలు చుడుతూ తను కట్టిన పాట పాడింది. దిగబోతుంటే న్యాయనిర్ణేత ఆపాడు. ఆయన ప్రొఫెసరు, జానపదాల మీద లావుపాటి పుస్తకం వేసినవాడు. ఆ పుస్తకమే తెరిచి చూపించాడు.

"మూడో చరణం తప్పమ్మా. అసలు పాఠం ఇదీ."

"అది అప్పటిది సారూ. మొగడు కొట్టినా నవ్వుతనని కట్టిన. ఆయన పోయినంక నవ్వుడు తీసేసిన."

"నువ్వు తీసేయడమేమిటి?"

"కట్టింది నేనే గద."

హాల్లో నవ్వారు. ప్రొఫెసరు చిన్నపిల్లకు చెప్పినట్టు ఓపికగా చెప్పాడు. "జానపదానికి కర్త ఉండడమ్మా. అదే దాని గొప్పతనం."

"మరి బుక్కు మీద మీ పేరుంది?"

"నేను సేకరించాను."

"ఎవలి కాడ?"

"ఎవరో బీడీలు చుట్టే ఆవిడ" అని, రెండు మార్కులు కోసి, తర్వాతి పేరు పిలిచాడు. కర్తలు లేని పాటల మీద పెద్దవాళ్లైనవాళ్లకు తీరిక తక్కువ.

బయట మెట్ల దగ్గర బాలమణి అటూ ఇటూ తిరుగుతోంది. "ఆ బీడీల ఆమె నువ్వేనని అంతమంది ముందట చెప్పకపోతివి" అంది.

రాజవీరు చెప్పులు వేసుకుంది. "నా పాటకే నాకు రెండు మార్కులు తగ్గినయి బిడ్డా. నా వయసొచ్చేసరికి నీకెన్ని తగ్గుతయో చూసుకో."

ఆ మధ్యాహ్నమే బాలమణి ఛానెల్‌కు ఫోన్ చేసి పాట ఇవ్వనంది. తర్వాత ఆరేళ్లు ఆమెను ఏ స్టూడియో పిలవలేదు.