వెండి మొలతాడూ సూరాంబ అనుమానమూ

అనగనగనగా, మనుషులకంటే కొబ్బరిచెట్లే ఎక్కువున్న ఒక ఊళ్ళో సూరాంబ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి అన్నీ అనుమానాలే. పాలవాడు నవ్వితే, ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడనేది. నవ్వకపోతే, ఎప్పుడూ కలుపుతూనే ఉన్నాడనేది.

ఆవిడకి ఒక్కడే కొడుకు, పోలయ్య. కోడలి పేరు వరహాలు. వాళ్ళకి ఒక్కతే కూతురు, మందారం. ఆ ఇంటికున్న ఆస్తల్లా ఏటిగట్టున ఒక కొబ్బరితోట. రేపు ఆ తోట మందారానిదే. ఇది గుర్తుంచుకో అమ్మడూ.

మందారానికి ఏడాది నిండింది. ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. మొదటి పుట్టినరోజున వచ్చిన కానుకల్లో ఒకటి నాయనమ్మే ఎంచి పిల్ల ఒళ్ళో పెట్టాలి. అది పెట్టాకే భోజనాలు.

"ఎంచేది సూరాంబా? అయితే మనం తిన్నట్టే" అని ఊళ్ళోవాళ్ళంతా ఇంటిదగ్గరే ఇంత చద్దన్నం తిని మరీ వచ్చారు.

ముందు మేనమామ అప్పన్న వచ్చాడు. పిల్ల పట్టుకుని నడవడానికి మూడు చక్రాల కర్రబండి తెచ్చాడు. తనే చెక్కాడు, పాపం.

సూరాంబ బండిని తిరగేసింది. "ఈ చీల వదులుగా ఉన్నట్టుందే" అని పీకింది. ఆ తర్వాత రెండోది పీకింది. ఆ తర్వాత మూడోది. మూడు చక్రాలూ మూడు మూలలకి దొర్లిపోయాయి. చీలలన్నీ బిగుతుగానే ఉన్నాయి, ఆవిడ పీకేదాకా.

"అత్తా! నెల్లాళ్ళు కష్టపడి చేశానే!" అన్నాడు అప్పన్న.

"నెల్లాళ్ళు పట్టిందా? అంటే నీకు పని రాదన్నమాట" అంది సూరాంబ.

అప్పుడు పక్కింటి నూకాలు గుడ్డబొమ్మ తెచ్చింది. ఎర్ర లంగా, నల్లదారంతో కుట్టిన కళ్ళు. సూరాంబ దాన్ని వాసన చూసింది. నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.

"ఇందులో ఏం కూరావే?"

"దూది, పిన్నీ."

"దూదే అయితే చూపించడానికేం?" అని పొట్ట దగ్గర కుట్టు పర్రున విప్పేసింది. లోపల నిజంగానే బూరుగుదూది. గాలికి లేచి వాకిలంతా ఎగిరింది. జుట్లలో పడింది. పాయసంలో పడింది. ఊరంతా పొట్టచెక్కలయ్యేలా నవ్వింది.

"అమ్మా, ఇక చాలు" అన్నాడు పోలయ్య. "నలుగురిలో తల ఎత్తుకోలేకపోతున్నాను. ఈసారి ఎవరేం తెచ్చినా నోరు మూసుకుని పుచ్చుకుందాం."

సరేనంది సూరాంబ. తప్పు తనదే కదా మరి, ఒకటి కాదు రెండు.

ఆ తర్వాత మోతుబరి గంగరాజు వచ్చాడు. ఏటిగట్టున పోలయ్య తోటకి ఇటున్న తోటా ఆయనదే, అటున్న తోటా ఆయనదే. పెళ్ళాం వచ్చింది. పట్టుపంచె కట్టించి తొమ్మిదేళ్ళ మనవణ్ణి తెచ్చారు. వెనకే పంతులుగారు. ఇత్తడి పళ్ళెంలో పిల్లకి వెండి మొలతాడు, దాని కింద తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్ళు.

"వదినగారూ, మీ మనవరాలికి మా చిన్న కానుక" అన్నాడు గంగరాజు.

వెండి చూసి ఊరంతా "అబ్బ!" అంది. వరహాలు ముఖం వెలిగిపోయింది. పళ్ళెం అందుకోవడానికి కొంగు పట్టింది.

సూరాంబ మాత్రం పళ్ళెం వంకా పంతులుగారి వంకా మార్చి మార్చి చూసింది. ఎందుకంటావా? చెబుతాను విను.

నిన్నటిదాకా "ఏమే సూరాంబా" అన్నవాడు ఇవాళ వదినగారూ అంటున్నాడు. వియ్యాలవారిని కదూ అలా పిలిచేది! పుట్టినరోజుకి పంతులుగారెందుకు? పైగా, తాంబూలం ఇంటివాళ్ళు ఇవ్వాలి, వచ్చినవాళ్ళు పుచ్చుకోవాలి. వచ్చినవాళ్ళే తెచ్చివ్వడం ఎక్కడుంది? ఒక్క పెళ్ళి ఖాయం చేసుకునేటప్పుడే. అలా తాంబూలం పుచ్చుకుంటే మాట ఇచ్చినట్టే. ఆ ఊళ్ళో ఇచ్చిన మాట తప్పినవాళ్ళ గుమ్మం ఎవరూ తొక్కరు.

అవును, ఏడాది పిల్లకి పెళ్ళిమాటే! ఆ రోజుల్లో అలాంటి బుద్ధితక్కువ పనులు చేసేవాళ్ళు. పిల్లతోపాటు తోట కూడా వస్తుందని ఆయన ఎత్తు.

"కాస్త ఆగవే వరహాలూ" అంది సూరాంబ.

"మళ్ళీ మొదలెట్టింది" అన్నారెవరో. "మొలతాడులో కూడా దూది ఉందేమో చూడు సూరాంబా!" మళ్ళీ నవ్వులు. పోలయ్య పళ్ళు కొరుక్కున్నాడు.

ఇప్పుడు తన అనుమానం పైకి అంటే ఎవరూ నమ్మరని ఆవిడకి తెలుసు. అనలేదు. అడిగింది.

"గంగరాజుగారూ, ఇది పుట్టినరోజు కానుకేనా? దీని వెనక ఇంకేదైనా మాట ఉందా?"

ఉందంటే వరహాలు కొంగు వెనక్కి లాక్కుంటుంది. అందుకని ఆయన, "అబ్బెబ్బే! ఉత్త కానుకే వదినగారూ" అన్నాడు.

"ఉత్త కానుకేనట. అందరూ విన్నారా?"

"విన్నాం, విన్నాం. ఆకలేస్తోంది, కానీ" అన్నారు ఊళ్ళోవాళ్ళు.

"అయితే ఈ ఆకులతో పనేముంది? నూకాలూ, కాస్త సున్నం ఇవ్వవే."

సూరాంబ పళ్ళెంలోంచి ఆకులు తీసింది. ఈనెలు గిల్లింది, సున్నం రాసింది, వక్క పెట్టి చుట్టింది. గంగరాజు నోరు తెరిచేలోపు తన నోట్లో పెట్టేసుకుంది. కరకరా నమిలింది.

పంతులుగారు అదిరిపడ్డారు. "అయ్యో! తాంబూలాలు మార్చుకోకముందే నమిలేశారేమిటమ్మా! లగ్నం కూడా చూసి పెట్టానే!"



"లగ్నమా? ఎవరికి?" అన్నాడు పోలయ్య.

పంతులుగారు గంగరాజుని చూశారు. గంగరాజు కొబ్బరిచెట్టు చివర చూశాడు. వరహాలు కొంగు విదిలించి పిల్లని ఎత్తుకుంది.

సూరాంబ మొలతాడు తీసి ఆయన చేతిలోనే పెట్టింది. "ఇది మీ మనవడికే కట్టండి గంగరాజుగారూ. పాపం, ఇందాకట్నించీ పంచె జారిపోతోంది, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు."

వాళ్ళు భోజనానికి ఆగలేదు. మిగిలినవాళ్ళు ఆగారు, పాయసంలో దూది ఏరుకుంటూ తిన్నారు.

భోజనాలకి ముందే సూరాంబ నూకాలు బొమ్మని కుట్టించి మందారం ఒళ్ళో పెట్టింది. "వచ్చినవాటిలో ఇదే మంచిది. దీని కడుపులో ఏముందో నాకు తెలుసు" అంది.

ఏమిటీ, పెద్దయ్యాక మందారం పెళ్ళి ఎవరితో అయిందా? నాకేం తెలుసే? అది మందారాన్ని అడగాలి. కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకో.

ఆకు అవ్వ నోట పడె,
మోతుబరి మాట తడబడె,
కథ కంచి బాట పడె,
మన ఇంట కన్ను మూతపడె.